లేని చేపకు గాలం

సింగిడివాగు రిజర్వాయరులో వలలు నిషేధించిన రోజు పొద్దున లింబాద్రి మహా హుషారుగా ఉన్నాడు. పాపం, అప్పటికింకా ఆయనకు సంగతి తెలియదు. వానాకాలంలో వదిలిన చేపపిల్లలు కిలో దాటాయి. రవ్వలు, బొచ్చెలు ఒడ్డుదాకా వచ్చి తోకలతో నీళ్ళు చరుస్తున్నాయి. మత్స్య సహకార సంఘానికి అధ్యక్షుడైన లింబాద్రి గట్టుమీద గొంతుక్కూర్చుని, వలకు చిరుగులు కుట్టుకుంటూ, ఏ సంతకు ఎన్ని బుట్టలు పంపాలో మనసులో పంచేసుకుంటున్నాడు. సంఘంలో ఉన్న ఇళ్ళన్నిటికీ ఏడాదికి ఇదొక్కటే పంట. దాన్ని ఎండలు ముదరకముందే పట్టుకోవాలి. ముదిరాయంటే రిజర్వాయరు అడుగంటి, నీళ్ళు వేడెక్కి, చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలిపోతాయి. అప్పుడిక అవి కాకులకూ కొంగలకూ తప్ప ఎవరికీ పనికిరావు.

అలాంటి శుభఘడియలో ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి జిల్లా మత్స్యశాఖాధికారి పరంధామయ్య గారు దిగారు. ఆయన వెనకాలే ఒక బోర్డు దిగింది. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకొచ్చి గట్టుమీద పాతి, పడిపోదు కదా అని ఊపి చూశారు. “హెచ్చరిక! ఈ జలాశయం రెడ్‌ఫిన్ పెర్చ్ పీడితం. వలలు నిషిద్ధం” అని దానిమీద రాసి ఉంది. కింద ఒక చేప బొమ్మ. ఆకుపచ్చ ఒళ్ళు, నిలువునా నల్లచారలు, పొట్ట కిందా తోక దగ్గరా ఎర్రెర్రని రెక్కలు. ఎవరినో తిట్టబోతూ ఆగినట్టు నోరు తెరుచుకుని ఉంది.

ఈ చేప కథ చాలా దూరాన మొదలైంది. శాఖలోని పెద్దలు కొందరు అధ్యయన పర్యటన మీద ఒక చలిదేశం వెళ్ళారు. అక్కడి సరస్సుల్లో, నదుల్లో ఈ ఎర్రరెక్క చేప ఉంది. ఎప్పుడో ఎవరో సరదాగా గాలం వేసుకోవడానికి బయటినుంచి తెచ్చి వదిలితే, అది పెరిగి, అక్కడి చేపల్ని నమిలేసి, వాటికి రోగాలు అంటించి, నీళ్ళన్నీ తనవే అంది. దాంతో ఆ దేశంవాళ్ళు ఒక చట్టం చేశారు. ఎర్రరెక్క గాలానికి పడితే తిరిగి నీళ్ళలో వదలకూడదు, చంపి తీరాలి. మన పెద్దలు ఆ చట్టం చూసి ముగ్ధులైపోయారు. ఇంత మంచి చట్టం మనకు లేకుండా పోయిందే అని సిగ్గుపడ్డారు. ఇంటికి రాగానే దాన్ని తెలుగులోకి దించి, జిల్లాకింత అని లక్ష్యం విధించి, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. చట్టమైతే వచ్చింది గానీ దాని తాలూకు చేప ఇంకా రాలేదన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. వచ్చినా, అలాంటి చిల్లర విషయాలు చూసుకోవడానికి కింది సిబ్బంది ఉండనే ఉన్నారు.

లింబాద్రి బొమ్మను పైకీ కిందికీ చూశాడు.

“సారూ, గీ చేప మా దాంట్ల లేదు.”

“లేదని ఎలా చెప్పగలవు?” అన్నారు పరంధామయ్య గారు.

“మూతిమీద మీసం రానప్పటి సంది వల ఏస్తున్న. ఒక్కపారి గూడ పడలె.”

“చూశావా? అంత మాయదారి చేప! ఇన్నేళ్ళుగా మీ కళ్ళు గప్పి తిరుగుతోంది.”

“లేని చేప కండ్లెట్ల గప్పుతది సారూ?”

పరంధామయ్య గారు ఓర్పుగా నవ్వారు. “లింబాద్రీ, ప్రభుత్వం దృష్టిలో జలాశయాలు రెండు విధములు. ఎర్రరెక్క ఉండి నిర్మూలన జరుగుతున్నవి ఒకటి. ఎర్రరెక్క ఉండి నిర్మూలన పూర్తయినవి రెండు. మొదటి దాంట్లో వలలు వేయరాదు. ఎందుకంటావా, దాని గుడ్లు వలకు అంటుకుని పక్క చెరువులకు పాకుతాయి. గాలంతో మాత్రమే పట్టాలి. రెండో దాంట్లో నీ ఇష్టం, ఎన్ని వలలైనా వేసుకో.”

“మాది అసలుకే లేని రకం సారూ.”

“ఆ రకమే లేదంటున్నాను కదయ్యా. నువ్వు చేయాల్సిందల్లా నిర్మూలించిన చేపలు చూపించడం. చూపించావా, నిర్మూలన పూర్తయినట్టు ధ్రువపత్రం నీ చేతిలో పెడతాను. వలలు దించే రోజు నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను.”

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. పరంధామయ్య గారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవరినీ కసరరు, బెస్తవాళ్ళ గుడిసెలో టీ ఇస్తే కూర్చుని తాగుతారు. పైనుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ నమ్మడం ఒక్కటే ఆయనలోని లోపం. కాకపోతే ఆ కాగితాలు రోజూ వస్తూంటాయి.

ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబితే లింబాద్రి భార్య గంగామణి చేటలోని బియ్యం పక్కన పెట్టింది. ఆమె సంతలో చేపలమ్మే మనిషి. బేరం దగ్గర ఎంత పెద్ద నోరున్నవాడైనా ఆమె ముందు తగ్గి మాట్లాడాల్సిందే.

“ఉన్న చేపను పట్టద్దన్నరు. లేని చేపను పట్టుమన్నరు. గంతేనా?” అంది.

“గంతేనే మణీ.”

“మరి నువ్వేమన్నవ్?”

“సరే సారూ అన్న.”

గంగామణి చేట మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఆ రాత్రి సొరకాయ కూర వండింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో సొరకాయే వండారు.

వారం తిరక్కముందే గాలాలు వచ్చాయి. మడిస్తే మూరెడు, సాగదీస్తే చింతకొమ్మంత, చక్రాలూ గొళ్ళేలూ ఉన్న ఖరీదైన గాలాలు. వాటితోపాటు ప్లాస్టిక్ వానపాములు, ఒక లావుపాటి మాన్యువల్ వచ్చాయి. ఈ గాలాలు పట్టుకోవడం నేర్పడానికి పట్నం నుంచి ఒక శిక్షకుడు కూడా వచ్చాడు. ఒంటినిండా జేబులున్న కోటు, నల్ల కళ్ళద్దాలు. పుట్టినప్పటినుంచి నీళ్ళలో బతికిన మనుషుల్ని గట్టుమీద వరసగా నిలబెట్టి, చేప అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు.

“గాలం అంటే ఓపిక. గాలం అంటే ధ్యానం. ముందు మీరు చేపలా ఆలోచించాలి.”

“చేప లెక్క ఆలోచిస్తే నీళ్ళల్లకెల్లి బయటికి రాబుద్ది గాదు బిడ్డా” అన్నాడు వరసలోని ఒక ముసలాయన.

శిక్షకుడు విననట్టే ఊరుకుని, గాలం ఎలా విసరాలో చూపిస్తానని వెనక్కి ఊపాడు. కొక్కెం వెళ్ళి పరంధామయ్య గారి చొక్కా కాలరుకు తగులుకుంది. శిక్షకుడు అది చేపే అనుకుని హుషారుగా చక్రం తిప్పాడు. పరంధామయ్య గారు నాలుగడుగులు వెనక్కి నడిచాక గానీ ఎవరికీ అర్థం కాలేదు. ఈ పథకం కింద పడిన మొట్టమొదటి జీవి ఆయనే. మాన్యువల్ ప్రకారం ఇతర జాతులను గౌరవంగా విడిచిపెట్టాలి కనక ఆయన్ని విడిచిపెట్టారు.

ఆ నియమమే లింబాద్రిని ఏడిపించింది. గాలానికి ఎర్రరెక్క కాని చేప ఏది పడినా, చేత్తో నిమిరి, క్షమాపణ చెప్పి, మళ్ళీ నీళ్ళలో వదలాలట. ఒకరోజు ఆయన గాలానికి చంటిపిల్లంత బొచ్చె పడింది. ఆగస్టులో తన చేత్తో పిల్లగా వదిలిన చేప. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని లింబాద్రి కాసేపు అలాగే నిలబడిపోయాడు. గట్టుమీద కుర్చీ వేసుకుని ఉన్న పరంధామయ్య గారు, “ఊఁ, క్షమాపణ, క్షమాపణ” అని గుర్తుచేశారు.

“తప్పయింది తల్లీ, పోయిరా” అని లింబాద్రి దాన్ని వదిలేశాడు. దుఃఖమూ కోపమూ కలిసి వచ్చి ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు.

ఇంకో పక్క ఎండ రోజురోజుకూ చిటపటలాడుతోంది. నీళ్ళు గట్టునొదిలి లోపలికి జరుగుతున్నాయి. సంఘంలోవాళ్ళు సాయంత్రమైతే లింబాద్రి ఇంటి ముందు చేరుతున్నారు. “అధ్యక్షా, వలలు ఎలుకలు కొడుతున్నయి” అంటాడొకడు. “చేపలు కొనే సేటుకేం చెప్పమంటవు? బండి పంపాల్నా వద్దా?” అంటాడింకొకడు. లింబాద్రి ఇద్దరికీ ఒకటే జవాబు చెబుతున్నాడు. “గాలమేస్తున్నం గద” అని.

చివరికి గంగామణికే విసుగెత్తింది.

“ఏందయ్యా, గా బోర్డు మీది చేప ఎట్లుంటది?”

“నల్లచారలుంటయి. ఎర్ర రెక్కలుంటయి.”

“జిలేబి చేపకు చారలుంటయి గద?”

“ఉంటయి.”

“రెక్కలు?”

“బూడిద రంగు.”

గంగామణి వాకిట్లోకి చూసింది. అప్పుడే పిల్లలు హోలీ కోసం మోదుగు పూలు కోసుకొచ్చి కుప్ప పోశారు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, పూలు వేసి, సున్నం చిటికెడు కలిపి పొయ్యిమీద పెట్టింది. నీళ్ళు మరుగుతుంటే లింబాద్రికి మెల్లమెల్లగా విషయం బోధపడింది. బోధపడ్డాక భయం వేసింది. ఆ తర్వాత కొంచెంసేపటికి నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఒక మంచి జిలేబి చేప గాలానికి పడింది. అదీ ఒకనాడు పైదేశంనుంచి వచ్చిందే గానీ, దానిమీద ఇంకా ఏ పెద్దలూ పర్యటన చేయలేదు కనక మన చేపగానే చలామణీ అవుతోంది. గంగామణి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురికి పారాణి పెట్టినంత శ్రద్ధగా రెక్కలకు మోదుగు రంగు పూసింది. ఒంటిమీది చారలు చాలవనిపించి బొగ్గుతో దిద్దింది.

పరంధామయ్య గారు జీపు ఆగకముందే దూకారు. ఆ చేపను చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. “ఇదే! ఇదే! అచ్చం మాన్యువల్లో ఉన్నట్టే ఉంది” అని రెండు చేతులతో అందుకున్నారు. అందుకోగానే రంగు ఆయన వేళ్ళకు అంటింది. పరంధామయ్య గారు ఎర్రబడిన వేళ్ళను ఎండలోకి పెట్టి చూసుకున్నారు.

“రక్తస్రావం” అన్నారు గంభీరంగా. “రోగం ముదిరింది. రెక్కల్లోంచి ఎలా కారుతోందో చూడండి. నలభై ఆరో పేజీలో ఈ లక్షణమే రాసి ఉంది.”

అప్పటికప్పుడు పంచనామా జరిగింది. టీ కొట్టు ఆసామి, గొర్రెలు కాసుకునే ఒకాయన సాక్షులుగా వేలిముద్రలు వేశారు. పశువైద్యుడు వచ్చి శవపరీక్ష చేసి, నీళ్ళలోంచి బయటికి రావడమే మరణకారణమని తేల్చాడు. గొయ్యి తీసి, సున్నం చల్లి, చేపను పూడ్చారు. పరంధామయ్య గారు టోపీ తీసి ఒక నిమిషం నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలియలేదు గానీ, ఆ సమయంలో అలా చేయాలనిపించింది.

“ఇగ వలలేసుకోమంటరా సారూ?” అన్నాడు లింబాద్రి.

“అప్పుడేనా? ఒకటి దొరికిందంటే శాస్త్రం ప్రకారం లోపల వెయ్యి ఉన్నట్టు. వాటి సంగతేమిటి?”

దాంతో గంగామణి పొయ్యిమీద పెద్ద కాగు ఎక్కించింది. సంఘం ఆడవాళ్ళంతా వాకిట్లో వరసగా కూర్చున్నారు. ఒకరు రెక్కలు, ఒకరు చారలు, ఒకరు ఆరబెట్టడం. చేయి తిరిగాక పనిలో వన్నె కూడా వచ్చింది. ఒకావిడ చేప నుదుట బొట్టు కూడా పెడితే, గంగామణి గదమాయించి తుడిపించింది. చుట్టుపక్కల మోదుగు చెట్లన్నీ బోసిపోయాయి. ఆ ఏడు హోలీకి పిల్లలు ఒకరిమీదొకరు ఉత్త నీళ్ళే పోసుకుని, రంగేదని ఏడ్చారు. అవతలి జిల్లానుంచి రెండు సంఘాల అధ్యక్షులు మోటారుసైకిళ్ళమీద వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, “అన్నా, మా దిక్కు గూడ లేదు. జరన్ని మీవి ఇస్తే మా సార్లకు చూపెట్టుకుంటం” అని బతిమాలారు. గంగామణి వాళ్ళకు టీ ఇచ్చి, రంగు పొట్లాలు కట్టి పంపింది.

సింగిడివాగు పేరు రాజధానిదాకా పోయింది. నిర్మూలనలో రాష్ట్రంలోనే ప్రథమం అని పరంధామయ్య గారికి సన్మానం జరిగింది. ఆయన తిరిగొచ్చి, మెడలో దండతోనే గట్టుమీదికి వచ్చి లింబాద్రిని కౌగిలించుకున్నారు.

“ఇక పడిన చేపల గ్రాఫు దిగాలి లింబాద్రీ! ఎక్కిన గ్రాఫు దిగితేనే నిర్మూలన అవుతుంది. దిగిందా, ధ్రువపత్రం నీది.”

ఇంతకంటే సులువైన పని ఏముంది? గంగామణి రోజుకు కొన్ని చేపల చొప్పున తగ్గిస్తూ వచ్చి, ఒక శుభదినాన కాగు బోర్లించేసింది. ఎర్రరెక్క ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. లింబాద్రి తలకు రుమాలు చుట్టుకుని, పడవకు పసుపు రాసి, వలలన్నీ బయటికి తీయించి, కొబ్బరికాయ సైతం తెప్పించి పెట్టుకున్నాడు. నీళ్ళు అప్పటికి సగానికి దిగాయి గానీ, ఫరవాలేదు, ఇంకా టైముంది అనుకున్నాడు.

జీపు వచ్చింది. మళ్ళీ బోర్డే దిగింది.

ఈసారి దానిమీద అక్షరాలు ఆకుపచ్చగా ఉన్నాయి. “ఎర్రరెక్కను కాపాడుకుందాం! అంతరించిపోతున్న అరుదైన జాతి. వలలు నిషిద్ధం.” బొమ్మలో చేప అదే. ఈమాటు మాత్రం దాని నోరు మూసి, కొంచెం నవ్వుతున్నట్టు దిద్దారు. పరంధామయ్య గారి పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఉన్నారు. అరుదైన జాతుల విభాగానికి అధిపతి, డాక్టర్ సునందినీ దేవి గారు.

“రాష్ట్రంలో ఏ జీవి సంఖ్యా ఇంత వేగంగా పడిపోలేదు” అన్నారావిడ బాధగా. “ఆ గ్రాఫు చూసి నాకు నిద్ర పట్టలేదు. ఒకే ఒక్క సీజన్లో వేలనుంచి సున్నాకు! ఎంత దారుణం!”

“చాలా దారుణం మేడం” అన్నారు పరంధామయ్య గారు. దండ వాడిపోయినా ఆయన దాన్నింకా తీయలేదు.

లింబాద్రి చేతిలోని కొబ్బరికాయ జారి కాలిమీద పడింది. కాలినొప్పి కూడా తెలియలేదు ఆయనకు. పరంధామయ్య గారి చేయి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళాడు.

“సారూ, నిన్నటిదాంక దాన్ని సంపుమంటిరి!”

“నిన్నటిదాకా అది పీడ. నేటినుంచి సంపద. నేను రెండు ఉత్తర్వులకూ కట్టుబడి ఉన్నాను.”

“సారూ, మీ కాల్మొక్త. నిజం చెప్తున్న, ఇనుండ్రి. గా చేప ఎన్నడూ లేదు. మేమే జిలేబి చేపలకు మోదుగు పూల రంగేసినం. నా పెండ్లామే ఏసింది. కావాల్నంటే కాగు చూపిస్త. తప్పు మాదే. జైల్లెయ్యుండ్రి, గని వలలు దించనియ్యుండ్రి. చేపలు సచ్చిపోతయి సారూ. మా ఇండ్లన్ని మునుగుతయి.”

అంటూనే లింబాద్రి భోరుమన్నాడు. పరంధామయ్య గారికి జాలేసింది. ఆయన భుజం తట్టి, జీపులోని నీళ్ళసీసా తెప్పించి తాగించారు.

“నీ బాధ నాకు తెలుసు. చేతులారా ఒక జాతిని అంతం చేశానన్న పశ్చాత్తాపం నీకు మతి చలింపజేసింది. ఒక్కటి ఆలోచించు. పంచనామాలు ఉన్నాయి. శవపరీక్షలు ఉన్నాయి. నాకు సన్మానం జరిగింది. లేని చేపకు ఎవరైనా సన్మానం చేస్తారా?”

లింబాద్రి వచ్చి గంగామణి పక్కన చతికిలబడ్డాడు. ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచి, కొంగు నడుముకు దోపుకుని లేచింది. గట్టుమీద షామియానా కింద సమావేశం నడుస్తోంది. ఎర్రరెక్క సంరక్షణకు ఏ చర్యలు తీసుకోవాలా అని సునందినీ దేవి గారు అందరి అభిప్రాయాలూ అడుగుతున్నారు. గంగామణి వెళ్ళి ముందు వరసలో నిలబడింది.

“అమ్మా, నాదొక్క ముచ్చట. గా చేప గింత జల్ది ఎందుకు తక్కువైందో తెల్సిందా?”

సునందినీ దేవి గారు పరంధామయ్య గారి వైపు చూశారు. “అవును, కారణం ఏమిటి? కారణం తేల్చకుండా నివేదిక ఎలా పంపుతాం?”

పరంధామయ్య గారికి చెమటలు పట్టాయి. కారణం తమ శాఖే. ఆ మాట నివేదికలోకి ఎక్కితే సన్మానం చేసిన పెద్దలు, శాలువా కప్పిన పెద్దలు, విమానమెక్కిన పెద్దలు అందరూ అరుదైన జాతిని హతమార్చినవాళ్ళవుతారు. ఆయన నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు.

గంగామణి ఇంకాస్త వినయంగా చేతులు కట్టుకుంది.

“తెల్వకడుగుతున్న సారూ. మా ప్రాజెక్టుల రవ్వలు, బొచ్చెలు బాగా బలిసినయి. గిన్ని దినాల సంది వలలెయ్యలేదు గద. అవేమన్న దాని గుడ్లు తింటున్నయేమో? నాకైతే అనుమానమే.”

పరంధామయ్య గారు ఆమెను చూసిన చూపులో ఉన్నంత కృతజ్ఞత ఆ షామియానా కింద ఎన్నడూ ఎవరికీ కనబడి ఉండదు.

“సహజ శత్రువులు!” అని కుర్చీలోంచి లేచారు. “మేడం, ఇదే కారణం! రవ్వ, బొచ్చె, వాలుగ, జిలేబి, ఇవన్నీ కుమ్మక్కై మన ఎర్రరెక్కమీద దాడి చేస్తున్నాయి. నేను చాలా కాలంగా గమనిస్తూనే ఉన్నాను.”

“అయితే వాటిని తక్షణం తొలగించాలి” అన్నారు సునందినీ దేవి గారు. “యుద్ధప్రాతిపదికన!”

“గాలంతోని తియ్యాల్నా అమ్మా?” అంది గంగామణి అమాయకంగా.

“గాలంతో ఎప్పటికి అవుతుంది? వలలు వేయండి. ఎన్ని ఉంటే అన్నీ వేయండి! అన్ని చేపలనూ తీసేయండి!”

“కిలోకు తక్కువున్నయి ఇడిసిపెడ్దం తల్లీ. పసికూనలు. అవేం పాపం చేసినయి?”

సునందినీ దేవి గారు కరిగిపోయారు. “ఎంత సున్నితమైన మనసమ్మా నీది” అని, కిలో దాటినవాటినే శత్రువులుగా పరిగణించాలని సవరణ రాయించారు. పట్టిన శత్రువులను ఏం చేయాలన్న ప్రశ్న వస్తే, జలాశయానికి వీలైనంత దూరంగా తరలించాలన్నారు. ఎంత దూరమైనా తరలించే పూచీ తమదని సంఘమంతా ఒక్క గొంతుతో ఒప్పుకుంది. సేటుకు కబురు పంపడానికి ఒకడు అప్పుడే మోటారుసైకిలెక్కాడు.

మర్నాడు తెల్లవారగానే వలలు దిగాయి. పడవలు వలను లాక్కుంటూ గుండ్రంగా తిరిగి వచ్చాయి. నడుములోతు నీళ్ళలో నిలబడి తాడు అందుకున్న లింబాద్రికి ఆ బరువు చేతుల్లోకి రాగానే ఒళ్ళు జలదరించింది. ఎన్నాళ్ళకు! “లాగుండ్రిరా! ఎయ్యిర చెయ్యి!” అని ఆయన వేసిన కేకకు అవతలి గట్టుమీది కొంగలు లేచిపోయాయి. వల దగ్గరికొచ్చేసరికి నీళ్ళు ఉడుకుతున్న ఎసరులా కుతకుతలాడాయి. రవ్వలు, బొచ్చెలు, మూరెడు మూరెడు వాలుగలు ఎగిరెగిరి పడుతున్నాయి. కుర్రవాళ్ళు ఈలలు వేశారు. ఆడవాళ్ళు బుట్టలతో నీళ్ళలోకి దిగిపోయారు. గంగామణి ఒక బొచ్చెను ఎత్తుకుని, “దొరికినవే దొంగ ముండా, ఎర్రరెక్క గుడ్లు తింటవా?” అని దాన్ని నిలదీస్తుంటే పక్కనున్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. లింబాద్రి నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

పరంధామయ్య గారు మైకు పట్టుకుని గట్టుమీద అటూ ఇటూ తిరుగుతున్నారు. “శత్రుశేషం లేకుండా లాగండి! జాగ్రత్త, ఎర్రరెక్కకు చిన్న గీత కూడా పడకూడదు!” బండి తర్వాత బండి శత్రువులను నింపుకుని సంతలవైపు కదిలింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆయన మైకు దించి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి వచ్చారు.

“లింబాద్రీ, దాచకుండా చెప్పు. వలలో ఎర్రరెక్క ఎన్ని పడ్డాయి?”

“ఒక్కటి గూడ పడలె సారూ.”

“ఒక్కటి కూడానా?”

“మీ మీద ఒట్టు సారూ.”

పరంధామయ్య గారి ముఖం వెలిగిపోయింది. “ఇంత పెద్ద వేటలో ఒక్కదానికి కూడా హాని జరగలేదన్నమాట! దేశంలో ఇలాంటి సంరక్షణ ఎక్కడా జరిగి ఉండదయ్యా. ఏటా ఇదే పద్ధతి అమలు చేయమని ఇవాళే రాస్తాను.”

ఏటా అన్న మాట చెవినబడగానే లింబాద్రి మోకాళ్ళలోతు బురదలో నిటారుగా నిలబడి, రిజర్వాయరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“దండం ఎవరికయ్యా?” అన్నారు పరంధామయ్య గారు.

“ఎర్రరెక్కకు సారూ. సల్లగుండాలె.”

పరంధామయ్య గారు కూడా చెప్పులు చంకలో పెట్టుకుని, నీళ్ళవైపు తిరిగి దండం పెట్టారు. పెట్టి, ఇటు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, ఇంటికి ఒక రెండు కిలోల శత్రువు కావాలనీ, బొచ్చె అయితే మంచిదనీ, తలకాయ మాత్రం విడిగా కొట్టించమనీ చెప్పారు.